బెల్లపు మడ్డి చల్లిన ట్రాకు

"అక్కా! నన్ను పిలిచిన్రు!"

ఫోన్‌లో కారు పందేల పిల్ల ద్వాలి పెట్టిన కేకకి, చర్చి మెట్ల మీద మా ముందు దిగుతున్న పెద్దావిడ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఆదివారం పూజ అప్పుడే ముగిసింది. నేనూ ఆంథోనీ వచ్చినవాళ్లందరి పలకరింపులకీ నవ్వుతూ, పెళ్లికి రాలేకపోయిన వాళ్ల సంజాయిషీలు వింటూ మెట్టుకో నిమిషం చొప్పున దిగుతున్నాం.

"ఎవరు పిలిచిన్రు?" అన్నాను.

"కోయంబత్తూరు టీమోళ్లు! బుధవారం ట్రయల్‌కి రమ్మన్నరు. అక్కడి నుంచే ఫోన్ చేసిన్రు. నిన్నటి ఫైనల్ వీడియో చూసిన్రంట!"

నేను ఆంథోని చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. పెళ్లయి పదిహేను రోజులే కాబట్టి ఊరు ఇలాంటివి క్షమిస్తుంది.

"కానీ అక్కా..." ద్వాలి గొంతు దిగిపోయింది. "కమిటీ గెలుపు ఖాయం చేస్తేనే రమ్మన్నరు. కమిటీ ఏమో శ్రీనన్న బండి బ్రేకు పైపు మా అన్ననే కోసిండు అంటున్నది. రేపు పొద్దున తొమ్మిదింటికి మీటింగు. అక్కడ మా అన్న తప్పని తేలితే నా గెలుపు పోయినట్టే. నువ్వు సెలవుల ఉన్నవని తెలుసు. గని నువ్వు డిటెక్టివ్వే కదక్కా."

ఖమ్మంలో నా ఆఫీసుకి నెలరోజుల తాళం వేసి సారపాక క్వార్టర్స్‌లో కాపురానికి వచ్చాను. కూరలో ఉప్పెక్కువైతే తప్ప ఏ నేరమూ విచారించకూడదనుకున్నాను. ఆంథోని వంక చూశాను. అప్పటికే బండి తాళం తీసి వేలికి తిప్పుతున్నాడు.

"ఏమండీ" అన్నాను. నలుగురిలో ఉన్నాం కదా. ఇంట్లో అయితే ఉత్త ఆంథోనీయే.

"నిన్న నువ్వు నాకోసం వచ్చినవు. ఇయ్యాల నేను నీకోసం వస్త. లెక్క సరి" అన్నాడు.

నిన్న అంటే శనివారం సాయంత్రం. మా ఆయన సారపాక మిల్లులో ఎలక్ట్రికల్ ఇంజనీరు. కానీ ఆయన మనసంతా అడవి అంచున నీలగిరి చెట్లు కొట్టేసిన మైదానంలో ఉన్న మట్టి ట్రాకు మీదే. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని మీద పరిగెత్తేవి తలుపుల్లేని, నెత్తిన రేకు రెక్క ఉన్న చిన్న కార్లు. వాటికి సెల్ఫు ఉండదు. వెనక నుంచి జీపుతో నెడితే గాని ఇంజను మేలుకోదు. మొదటి బండి మలుపు తిరిగినప్పుడు మట్టిపెళ్ల ఒకటి వచ్చి నా బుగ్గకి కొట్టుకుంది. నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆంథోని రుమాలుతో తుడుస్తూ, "ఇగ నువ్వు మా జట్టు" అన్నాడు.

ఆ తర్వాత ఏ డ్రైవరు ఏ ఊరు, ఎవరికి బండి ఎవరు కొనిచ్చారు అన్నీ చెబుతూనే ఉన్నాడు. "తొమ్మిది నంబరు తిరుపతి చూడు, ఆ పిలగానికి బండి కొనిచ్చింది వాళ్ల మేనమామ, పోలీసాయన. నా దగ్గర వాని నంబరు గూడ ఉంది" అంటే, నేను వేడి మిర్చిబజ్జీ ఆయన నోట్లో కుక్కి ఆపాను.

ఫైనల్‌లో చివరి చుట్టు వరకు పోయినేటి విజేత శ్రీను ముందున్నాడు. ఆఖరి మలుపులో బ్రేకు పడక గడ్డిమోపుల గోడలోకి దూసుకుపోయాడు. ద్వాలి మొదట వచ్చింది, తిరుపతి తర్వాత. శ్రీనుకి కాలు విరిగింది. ప్రాణానికేమీ కాలేదు. ఇప్పుడు ద్వాలి గెలుపు కొట్టేస్తే మొదటి స్థానం ఎవరికి వెళుతుందో ఆ క్షణంలో నాకు తట్టలేదు. కొత్త పెళ్లికూతురి బుర్ర!

*

ట్రాకు గేటు దగ్గర మోతి ఉన్నాడు. ద్వాలి అన్న. దమ్మపేటలో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు అతనిది. చెల్లెలి బండి తన చేతులతో కట్టాడు. కళ్లు చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది.

"నీ పనిముట్ల పెట్టెల కటింగ్ ప్లయర్ దొరికిందంట కదా?" అన్నాను.

"దొరికింది మేడం. నాది కాదు. నా ప్లయర్ల పిడికి పచ్చ టేపు చుట్టి ఉంటది. దానికి లేదు."

"పెట్టె ఎక్కడ పెట్టినవు?"

"కంచె బయట, స్టాండు కింద. తాళం లేదు. అందరి పెట్టెలు గట్లనే ఉంటయ్."

"ఎవరు తీసిన్రు బయటికి?"

"గా వెంకటప్పయ్య సారు. రిటైర్డ్ సి.ఐ. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివంట. కమిటీ పిలిస్తే పొద్దుగాల వచ్చిండు. వచ్చుడు వచ్చుడే నా పెట్టె తెరవమన్నడు. ఇరవై పెట్టెలున్నయ్ మేడం. ముందు నాదే ఎందుకు?"

మంచి ప్రశ్న. జేబులో వేసుకున్నాను.

"ఫైనల్‌కి ముందు విరామంల నువ్వు ఎక్కడున్నవ్?"

మోతి ఆంథోని వంక చూశాడు. ఆంథోని గర్వంగా ఫోన్ తీశాడు. విరామంలో ఇద్దరూ బజ్జీల బండి దగ్గర తీసుకున్న సెల్ఫీ. మోతి ఇబ్బందిగా నవ్వుతున్నాడు. మా ఆయన కాన్వాసు బూట్ల కాలొకటి బల్ల మీద పెట్టి హీరోలా నిలబడ్డాడు. మా నాన్న పెళ్లికి కొనిచ్చిన కొత్త తోలు చెప్పులు బురదలో పాడవుతాయని వాటిని ఇంట్లో వదిలి వచ్చాడు. అది తలుచుకుంటే ఆయన మీద నాకు మళ్లీ ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఒక్క ఫొటో ఒక్క నిమిషానికే సాక్ష్యం" అన్నాను. "విరామం అరగంట."

ఆంథోని ముఖం చిన్నబోయింది. వృత్తి ధర్మం, ఏం చేస్తాం.

ట్రాకు చూసుకునే రాందాస్ ఆఫీసు గదిలోంచి విసుగ్గా వచ్చాడు. యాభై దాటిన మనిషి. ముందురోజు నుంచి ప్రతివాడూ తననే అడుగుతున్నాడని కోపం.

"ఏమడుగుతవో జల్దీ అడుగమ్మా."

"ఫైనల్‌కి ముందు బండ్లు ఎక్కడ నిలబెట్టిన్రు?"

"నడుమ మైదానంల. సున్నంతోటి గళ్లు గీసినం, నంబరు నంబరుకో గడి. బండ్లు పెట్టి మనుషులందర్ని బయటికి పంపినం. అప్పుడు ట్రాకు తడిపినం."

"నీళ్లతోనా?"

"మామూలుగా నీళ్లే. ఫైనల్‌కి మాత్రం బెల్లపు మడ్డి. చక్కెర ఫ్యాక్టరీల మిగిలే నల్లటి పాకం. పుట్టమన్ను మీద అది చల్లితే దుమ్ము లేవదు, టైరు పట్టు దొరుకుతది. ఆరేదాక అడుగేస్తే కాలికి బంకలెక్క అతుకుతది."

"మరి డ్రైవర్లు లోపలికి ఎట్ల పోయిన్రు?"

"జీపుల తీసుకపోయి దింపినం. నడిస్తే ట్రాకు ఖరాబైతది. లోపలికి వేరే తొవ్వ లేదు. ట్రాకు దాటాల్సిందే."

"ఎవరూ నడవలేదు?"

రాందాస్ గొంతు సవరించుకున్నాడు. ఆకాశం చూశాడు. ఆయన ఆకాశం చూడగానే నాకు ఆనందం వేసింది. డిటెక్టివ్‌కి అంతకంటే మంచి శకునం లేదు.

"పెద్దాయనా, చెప్పు. ఎవరికీ చెప్పనిది నాకు చెప్తే తేలికైతది."

"జనరేటర్ల డీజిల్ పోయనీకె జరసేపు లైట్లు బంద్ చేసినం. లైట్లు వచ్చినంక చూస్తే పాకం మీద అడుగుల ముద్రలు. పోయినయ్, వచ్చినయ్. ఎవడో తాగుబోతోడు అనుకున్న. తిట్టుకుంట మళ్ల ఒక చుట్టు ట్యాంకరు తిప్పిన. ముద్రలు పోయినయ్. కాపలా నాది కదా, ఏమని చెప్పాలె?"

"బూట్లా, చెప్పులా?"

"చెప్పులే. మడమ వేరేగ, ముందర వేరేగ పడ్డది. మెకానిక్కులైతే బూట్లు లేంది గేటు దాటనియ్యం."

మోతి కాళ్లకి ఎర్రమట్టి పట్టిన బూట్లున్నాయి. సెల్ఫీలోనూ అవే.

నడిమి మైదానం చూడాలని లోపలికి నడిచాం. రాత్రి పందెం టైర్లు తొక్కి తొక్కి, పొద్దుటి నుంచి ఎండ కాచి, ట్రాకు పెంకులా గట్టిపడింది. నా చెప్పు అంచుతో గీకి చూశాను. పొడి కూడా రాలేదు. ఇవాళ దాని మీద నడిచిన వాడికి ఏమీ అంటదు. నిన్న ఆ అరగంటలో నడిచిన వాడికి మాత్రం అంటుకుని తీరుతుంది.

శ్రీను బండి నిలబెట్టిన సున్నం గడి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. ముందు చక్రం ఉండాల్సిన చోట అరచేతి వెడల్పున నల్లటి తడి మరక. ఆంథోని వంగి వాసన చూశాడు.

"బ్రేకు ఆయిల్" అన్నాడు.

మిగతా గళ్లన్నీ తిరిగి చూశాం. ఎక్కడా మరక లేదు. అంటే పైపుని కొంచెం కోసింది ఇక్కడే, బండి ఇక్కడ నిలిచాకే. చుక్కచుక్కగా కారి, చివరి చుట్టుకి బ్రేకు ఖాళీ అయింది. కోసినవాడు చెప్పులేసుకుని, చీకట్లో, తడి పాకం దాటి వచ్చాడు.

"సంపూ, నువ్వు నేల మీద కూర్చుని మరక చూస్తున్నప్పుడు భలే ఉన్నవు" అన్నాడు మా ఆయన.

"సాక్షులు వింటరు. ఊకో" అన్నాను. కానీ మరకని ఇంకో నిమిషం ఎక్కువ చూశాను.

*

శ్రీను ఇంటి గుమ్మం ముందు అప్పటికే ఒక జత చెప్పులున్నాయి. గోధుమరంగు తోలు, ఇత్తడి బకిలు, పైన నిగనిగలాడే పాలిష్. ఆంథోని తన కొత్త చెప్పులు పక్కన విప్పాడు. అదే ఖమ్మం షాపు, అదే మోడలు. రెండు జతలూ కవలపిల్లల్లా ఉన్నాయి. మా నాన్న ఎంపిక అంత ప్రత్యేకమైందేమీ కాదన్నమాట.

లోపల శ్రీను కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని సీతాఫలం తింటున్నాడు. ఎదురు కుర్చీలో వెంకటప్పయ్య. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

"రా చిన్నమ్మా, రా" అన్నాడాయన. "కొత్త పెళ్లికూతురివి. వంటింట్ల పప్పు మాడుతుంటదేమో చూసుకోక, ఈ తిప్పలెందుకు?"

"పప్పు మా ఆయన వండుతడు సార్. నేను మాడిన వాసన ఎక్కడి నుంచి వస్తుందో చూసేదాన్ని."

శ్రీను నవ్వబోయి కాలు నొప్పితో ఆపుకున్నాడు.

"శ్రీనన్నా, నీకు మోతి మీద అనుమానం ఉందా?" అడిగాను.

"మోతియా? పోయిన నెల నా గేరుబాక్సు ఊడితే వాళ్ల షెడ్డుల రాత్రంతా కూసోని బాగుచేసిండు. కాయితం చుట్టిన రొట్టె గూడ పెట్టిండు. వాడు కోసిండంటే నేను నమ్మ. కానీ సారు ప్లయర్ చూపించిండు కదా. నేనేమనాలె?"

"అదీ ముచ్చట" అన్నాడు వెంకటప్పయ్య. "సాక్ష్యం దొరికినంక ఇంక మాటలెందుకు? నేను ముప్పై యేండ్లు డిపార్ట్‌మెంటుల చేసిన."

"ఇరవై పెట్టెల్ల మోతిదే ముందు తెరిచిన్రంట?"

"అనుభవం."

"మోతి ప్లయర్లకి పచ్చ టేపు ఉంటదంట."

"టేపు విప్పుడు ఎంతసేపు?"

"శ్రీను బండి గడిల బ్రేకు ఆయిల్ మరక ఉంది. మీరు చూసిన్రా?"

"మరకలు గిరకలు నాకక్కర లేదు."

"ట్రాకు మీదికి పోయి చూడకుండానే రిపోర్టు రాస్తరా సార్?"

వెంకటప్పయ్య వెనక్కి వాలాడు. గదిలో అందరికీ వినిపించేలా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు: "చూడు చిన్నమ్మా. నిన్న సాయంత్రం నేను ఖమ్మంల మా చుట్టాల గృహప్రవేశంల ఉన్న. ఈ ఊరికే రాలే. పొద్దుగాల వచ్చిన. ఆ ట్రాకు మీద నేను నిన్న కాలు పెట్టలే, ఇయ్యాల పెట్టలే. పెట్టే అవసరం లేదు. మొక్కు తీర్చుకునేటోళ్లలెక్క మట్టిల పొర్లుడు నీలాంటోళ్ల పని."

"విరామంల మోతి నాతోని ఉన్నడు సార్. ఫొటో ఉంది" అన్నాడు ఆంథోని.

"నువ్వెవరు బాబూ?"

"ఆంథోని. రేసులకు ఫ్యాన్‌ని."

"ఫ్యాన్ సాక్ష్యం కమిటీల నడవదు. ఫ్యాన్ గాలికి తిరుగుతది." తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాకు ఒళ్లు మండింది. నన్నంటే పడతాను. పదిహేను రోజుల భర్తని అంటే పడను.

"సార్, రేపు తొమ్మిదింటికి కలుద్దాం" అని లేచాను. "పదండి."

ఆంథోని నాకంటే ముందే కోపంగా గుమ్మం దాటి, కిందకి చూడకుండానే చెప్పుల్లో కాళ్లు దూర్చి బండెక్కాడు.

*

ఊరు దాటి, రెండువైపులా చెట్లు మూసుకున్న రోడ్డు మీదికి వచ్చాం. నేను వెనక కూర్చుని లెక్కలు వేసుకుంటున్నాను. కోసిన చోటు తెలుసు, కోసిన వేళ తెలుసు, కోసినవాడి కాళ్లకి చెప్పులని తెలుసు. ఎవరో తెలియదు. రేపు కమిటీ ముందు ఇవి చాలవు. ద్వాలి బుధవారం కోయంబత్తూరు బదులు ట్రాక్టర్ల షెడ్డులో కూర్చోవాల్సి వస్తుంది. ఆ పిల్ల మొదటి కేక నా చెవిలో ఇంకా మోగుతూనే ఉంది.

బండి ఒక్కసారిగా వంకర తిరిగింది.

"అమ్మో! అబ్బా! దిగు, దిగు!"

ఆంథోని బండి ఆపి, స్టాండు వేసి, రోడ్డు పక్కన ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టాడు. తర్వాత రెండో కాలి మీద. పెళ్లి ఊరేగింపులో కూడా ఇంత బాగా ఆడలేదు.

"ఏమైంది?"

"చీమలు! కండచీమలు! పీక్క తింటున్నయ్!"

చెప్పులు విసిరేశాడు. నేను నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు తుడుచుకుంటూ ఒకటి తీసి తిరగేశాను.

నవ్వు ఆగిపోయింది.

అడుగున, మడమకీ ముందు భాగానికీ మధ్య గాడిలో, కుట్టు వెంట, ఎర్రమట్టి నల్లటి పాకంతో కలిసి ముద్దగా గడ్డకట్టి ఉంది. దాని చుట్టూ బారులు బారులుగా చీమలు. పైన మాత్రం తోలు అద్దంలా మెరుస్తోంది. తుడిచినవాడు శ్రద్ధగల మనిషి. ముఖం కనిపించే చోటల్లా తుడిచాడు. అడుగు తిరగెయ్యలేదు.

"ఆంథోనీ" అన్నాను. రోడ్డు మీద ఎవరూ లేరు. "నిన్న నీ కాళ్లకు ఏమున్నయ్?"

"కాన్వాసు బూట్లు. ఫొటోల చూసినవు కదా."

"మరి ఈ చెప్పులు నిన్న ట్రాకు మీద ఎట్ల తిరిగినయ్?"

ఆయన పాదం గోక్కోవడం ఆపి చెప్పులోకి కాలు పెట్టి చూశాడు. వేళ్ల ముందు అంగుళం ఖాళీ.

"ఇవి నావి కావు" అన్నాడు మెల్లగా.

కావు. శ్రీను గుమ్మం ముందు రెండే జతలు కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి మాది. రెండోది నిన్న ఈ ఊరికే రాలేదన్న మనిషిది. గంటసేపు గుమ్మంలో వదిలేసరికి, ముప్పై యేళ్ల డిపార్ట్‌మెంటు అనుభవానికి దొరకని దాన్ని చీమలు పట్టేశాయి.

"కానీ ఆయనకేం లాభం?" అన్నాడు ఆంథోని. "శ్రీను అంటే పడదా? ద్వాలి అంటే పడదా?"

నేను జవాబు వెతుకుతుండగానే ఆయన జేబులో ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి ఆయన ముఖం విప్పారింది. ఫ్యాన్ కదా, అలవాటు.

'తిరుపతి, 9 నంబరు బండి.'

"తిరుపతి నాకు ఫోన్ చేస్తున్నడు సంపూ!" అని సంబరంగా స్పీకర్ పెట్టాడు.

వచ్చింది తిరుపతి గొంతు కాదు.

"బాబూ, ఆంథోనేనా? నేను వెంకటప్పయ్యను. నీ నంబరు మా పిలగాని దగ్గర దొరికింది. చెప్పులు మారినట్టున్నయ్. నీయి నాకు బిర్రుగున్నయ్. యాడున్నరు? నేనే వస్త."

మేనమామ, పోలీసాయన. నిన్న మిర్చిబజ్జీతో నేను నోరు మూయించిన ముచ్చట. శ్రీను పడిపోయి, ద్వాలి గెలుపు కొట్టేస్తే, మొదటి స్థానం రెండో వచ్చిన తిరుపతిదే. కోయంబత్తూరు వాళ్లు పిలిచేది ఇంకెవరినో కాదు, తొమ్మిది నంబరునే. ఆంథోని నా వంక చూశాడు. నేను ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"నమస్తే సార్, సంపూర్ణను. చెప్పులు భద్రంగ ఉన్నయి. చీమలు కాపలా కాస్తున్నయి."

అవతల ఎవరో కుర్రాడి గొంతు, "మామా, ఏమంటున్నరు?" అనడం వినిపించింది.

"అమ్మాయ్." ఈసారి చిన్నమ్మా అనలేదు. "ఆ చెప్పులు పొద్దుగూకే లోపల నాకు చేరాలె. అడవి రోడ్డు మీద ఇద్దరే బండి మీద పోతున్నరు. నాకు ఈ తొవ్వలన్నీ తెలుసు."

ఆంథోని వెంటనే రోడ్డు రెండువైపులా చూశాడు. దూరంగా భద్రాచలం బస్సు హారను వినిపించింది. దాన్ని ఆపమని ఆంథోనికి సైగ చేశాను. బండి ఇక్కడే తాళం వేసి ఉంటుంది. చెప్పులు మాత్రం నలభై మంది సాక్షుల మధ్య, నా చున్నీలో మూటగట్టుకుని ప్రయాణం చేస్తాయి.

"అంత దూరం మీకెందుకు సార్ శ్రమ" అన్నాను. "రేపు పొద్దున తొమ్మిదింటికి కమిటీ ఆఫీసు గుమ్మం ముందు ఈ జత పెడత, అడుగు పైకి తిప్పి. రాందాస్ ఉంటడు, శ్రీనును కుర్చీల మోసుకొస్తం, ద్వాలి, మోతి ఉంటరు. ఎస్.ఐ. గారిని గూడ పిలుస్త. మీవి అయితే అందరి ముందు తొడుక్కొని పొండి. మీవి కాకుంటే, మా ఆయన చెప్పులు అక్కడ విడిచి వట్టి కాళ్లతో పొండి."

ఫోన్ పెట్టేసి ద్వాలికి కలిపాను.

"బట్టలు సర్దుకో పిల్లా" అన్నాను. "పొద్దున తొమ్మిదింటికి కమిటీ ఆఫీసుకు రా. వచ్చేటప్పుడు మీ బావకు ఒక జత చెప్పులు తీసుకరా. పాపం, వట్టి కాళ్లతో బస్సెక్కుతున్నడు."